అమ్మవారి పేరు చెప్పి దాచిన మాట

మా పాపకు అమ్మవారు పోసిన సంగతి దాచిపెట్టి నా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది నా భార్యేనని మా బంధువులంతా అనుకున్నారు. అది నిజం కాదు. ఆమె ఆ రోజే చెబుదామంది. వద్దన్నవాణ్ణి నేను. ఆ మాట ఏడాదికి పైగా నేను బయటపెట్టలేదు, బయటపెట్టమని ఆమె అడగలేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇప్పుడు రాస్తున్నాను.

నేను జగ్గయ్యపేటలో ఉంటాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద, నందిగామలో ఉంటుంది. తమ్ముడు నాకంటే ఐదేళ్ళు చిన్న. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. సంబంధాలు చూస్తున్న రోజుల్లోనే వాడి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. ఆ తర్వాత పెళ్ళి మాట వాడే ఎత్తనివ్వలేదు. డయాలసిస్ మొదలయ్యాక వాణ్ణి మా ఇంటికి తెచ్చుకున్నాను.

రెండేళ్ళు మా దగ్గరే ఉన్నాడు. వారానికి మూడు సార్లు విజయవాడ బస్సెక్కాలి. సెలవు దొరికిన రోజు నేను, దొరకని రోజు నా భార్య వాడి వెంట వెళ్ళేవాళ్ళం. వాడికి నీళ్ళు కొలిచి ఇచ్చేది ఆమె. వాడొక్కడికే చప్పిడి కూడు పెడితే చిన్నబుచ్చుకుంటాడని ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించింది. తిరుగు ప్రయాణంలో వాడు నా భుజం మీద తల ఆనించి నిద్రపోయేవాడు. నలభై దాటిన తమ్ముడు అలా పడుకుంటే భుజం లాగేస్తుంది. అయినా కంచికచర్ల దాటేదాకా కదిలేవాణ్ణి కాదు. ఆ రెండేళ్ళూ వాడు నావాడు. నా తర్వాతి బుద్ధులన్నిటికీ మూలం అక్కడుంది కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

కిడ్నీ ఇవ్వడానికి అక్కా నేనూ ఇద్దరం పరీక్షలు చేయించుకున్నాం. ఇద్దరి రక్తమూ కలిసింది. కానీ నాకు షుగరు బయటపడింది. "మీ రెండు కిడ్నీలూ మీకే కావాలి మాస్టారూ" అన్నాడు డాక్టరు. పైకి తల దించుకుని బయటికొచ్చి, క్యాంటీన్లో కూర్చుని రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. చాలా రోజుల తర్వాత తిండి రుచి తెలిసింది. భయం తీరిపోయిందన్నమాట. తమ్ముడితో మాత్రం, "నా షుగరు సంగతి ఎవరికీ చెప్పొద్దురా, స్కూల్లో తెలిస్తే బాగోదు" అన్నాను. ఆ మాట అన్నట్టు తర్వాత నాకే గుర్తు లేకుండా పోయింది.

అక్క ఇచ్చింది. ఆపరేషన్ అయ్యాక వాడు నందిగామలో అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. బావ మేడ మీద గది ఖాళీ చేయించి సున్నం వేయించాడు.

అప్పటినుంచి నాకు కుళ్ళు మొదలైంది. ఇంతకంటే మంచి మాట వెతికాను గాని దొరకలేదు. ప్రతి ఆదివారం చూడ్డానికి వెళ్తే, మెట్ల దగ్గరే కాళ్ళూ చేతులూ కడుక్కోమనేది అక్క. మాస్కు పెట్టుకోమనేది. నాకు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసేది, తను మాత్రం మంచం మీద వాడి పక్కన కూర్చునేది. కిడ్నీ పరీక్షల అంకెలతో ఇద్దరికీ ఒక భాష ఏర్పడింది. "ఈసారి క్రియాటినిన్ ఎంతే అక్కా?" "పోయినసారి కంటే నయంరా, మనది బాగానే పనిచేస్తోంది." మనది. ఆ కిడ్నీని వాళ్ళిద్దరూ మనది అనేవాళ్ళు. నేను గుమ్మం దగ్గర మాస్కులో నుంచి ఊపిరి పీలుస్తూ వినేవాణ్ణి. రెండేళ్ళు బస్సుల్లో తిప్పింది ఎవరికీ గుర్తు లేదు. ఒక్క పూట కోయించుకుంటే చాలు, మనిషి మనిషంతా సొంతమైపోతాడు అనుకునేవాణ్ణి. అక్క ఏం పోగొట్టుకుందో, ఎంత నొప్పి పడిందో తెలిసి కూడా అలాగే అనుకునేవాణ్ణి.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షల్లో ఒక విషయం తేలింది. తమ్ముడికి చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదు. చికెన్‌పాక్స్ అనే ఆ జబ్బుకు వాడి ఒంట్లో రక్షణ లేదు. దానికి కారణం నాకూ అక్కకూ తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి అమ్మవారు పోసింది. తమ్ముడికి సోకకూడదని నాన్న వాణ్ణి చెవిటికల్లులో మేనత్త ఇంట్లో దించి వచ్చాడు. వాడు లేని ఆ తొమ్మిది రోజులు అక్కా నేనూ వేపాకు పక్క మీద పక్కపక్కన పడుకుని కబుర్లు చెప్పుకున్నాం. దురద పెడితే వేపమండతో ఒకరి వీపు ఒకరం నిమురుకునేవాళ్ళం. మా అక్క పూర్తిగా నాతో ఉన్నది ఆ తొమ్మిది రోజులే.

మామూలు మనిషికి ఆటలమ్మ వచ్చి పోతుంది. కిడ్నీ మార్చుకున్నవాడికి అలా కాదు. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా, ఒంటి కాపలాను నిద్రపుచ్చే మందులు రోజూ వేస్తారు. కాపలా పడుకున్న ఇంట్లోకి వైరస్ జొరబడితే లివరూ ఊపిరితిత్తులూ పట్టుకుంటుంది. టీకా వేసే వ్యవధి లేదు, ఆపరేషన్ అయ్యాక వేయకూడదు. అందుకని డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. "దగ్గర మసిలేవాళ్ళలో ఎవరికైనా చికెన్‌పాక్స్ వస్తే అదే రోజు ఫోన్ చేయండి. సోకిన నాలుగు రోజుల్లో యాంటీబాడీలు ఎక్కిస్తే చాలావరకు అడ్డుకోవచ్చు. ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు." యాంటీబాడీలంటే నేను పాఠంలో ప్రతిరక్షకాలని చెప్పేవే. అక్క ఆ ముక్కలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ప్రతి ఆదివారం నేను చదివిన కాగితమే అది.

ఆపరేషన్ అయి ఏడాది నిండిన ఆదివారం అక్క నలుగురికీ భోజనాలు పెట్టింది. మేం ముగ్గురం వెళ్ళాం. మా పాప అప్పుడు ఐదో తరగతి. బాబాయి పక్కన కూర్చుని, తలకు తల ఆనించి వాడి ఫోన్లో క్యారమ్స్ ఆడింది. భోజనాల దగ్గర బావ తరఫు పెద్దాయన ఒకాయన పెరుగన్నం కలుపుకుంటూ, "ఆడకూతురు ఇచ్చింది సరే, మీరెందుకు ఇయ్యలేదండి మాస్టారూ?" అన్నాడు.

నేను తమ్ముడి వైపు చూశాను. షుగరుందని ఒక్క మాట చాలు. వాడు నవ్వేసి, "నాకు మా అక్క చాలండి బాబాయిగారూ" అన్నాడు.

పెద్దాయన నన్ను చూసి తల ఊపాడు. ఆ ఊపుకి అర్థం నాకు తెలుసు. మజ్జిగ తాగకుండా లేచిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఎండకు తిరిగిందేమో అనుకున్నాం. మంగళవారం పొద్దున పొట్ట మీద నీటి పొక్కులు కనిపించాయి. నా భార్య ఆ పేరు కూడా ఎత్తకుండా దణ్ణం పెట్టుకుని, గుమ్మానికి వేపమండలు కట్టింది. పొయ్యి మీద పోపు మానేసింది. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి అడిగింది.

"మీ తమ్ముడికి ఫోన్ చెయ్యండి. మొన్న పాప ఆయన్ని అంటుకునే కూర్చుంది గదా."

"అమ్మవారు ఇంట్లో ఉండగా బయటికి కబురు పంపకూడదని మా నాయనమ్మ అనేది" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. "మీరా ఈ మాట అంటున్నది?"

"ఏం, నమ్మకం నీకు లేదా?"

"నాకుంది. అయినా చెప్పమంటున్నా. తప్పయితే తల్లికి నేను మొక్కుకుంటాలెండి."

"తొమ్మిదో రోజు స్నానం అయ్యాక చూద్దాం" అని బడికి వెళ్ళిపోయాను.

ఆ రోజు కూడా క్లాసు చెప్పాను. అమ్మవారి పేరుతో వైద్యానికి అడ్డం పడే ఆచారాల గురించి ఏటా పిల్లలకు ఉపన్యాసమిచ్చే మనిషిని. దేవుడి పేరు నాకు అవసరమైంది ఆ ఒక్కసారే.

ఎందుకు వద్దన్నానో చాలాసార్లు ఆలోచించాను. చెబితే అక్క, "నీ పిల్లను తెచ్చి వాడి పక్కన కూర్చోబెట్టావు" అంటుందని భయం. ఇవ్వనివాడు, పైగా జబ్బు తెచ్చినవాడు అన్న పేరు వస్తుందని. ఇది సగమే. రెండో సగం రాయడానికి సిగ్గుగా ఉంది. వాళ్ళిద్దరూ అంత జాగ్రత్తగా, అంత ముచ్చటగా కాపాడుకుంటున్నదాని కోసం నేనెందుకు పరుగెత్తాలి అనిపించింది. "మా అక్క చాలు" అన్నాడుగా, అక్కే చూసుకుంటుందిలే అనుకున్నాను. వాడికి రావాలని కోరుకోలేదు. రాకుండా చూడాల్సినవాణ్ణి చూడలేదు.

గురువారం అక్కే ఫోన్ చేసింది. సోకి నాలుగో రోజు అది.

"ఏరా పెద్దోడా, ఉలుకూ పలుకూ లేదు. పాప బడికెళ్తోందా?"

"వెళ్తోంది అక్కా. పేపర్లు దిద్దుతున్నా, తీరిక లేదు."

"చిన్నోడు పాపని ఒకటే అడుగుతున్నాడు. ఆటలో ఓడించిందంట, పగ తీర్చుకోవాలంట. ఆదివారం తీసుకురారా."

"చూస్తా" అన్నాను.

పాప పక్క గదిలో వేపాకుల మీద పడుకుని ఉంది. నా భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికెళ్ళి పాప నుదుట తడిగుడ్డ మార్చింది.

తొమ్మిదో రోజు పసుపు నీళ్ళ స్నానం అయింది. అప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని.

ఆ ఆదివారం భోజనాలైన పదిహేనో రోజున తమ్ముడికి కడుపునొప్పి వచ్చింది. నందిగామలో గ్యాస్ అనుకుని మందిచ్చారు. మర్నాటికి జ్వరం, ఛాతీ మీద, వీపు మీద పొక్కులు. విజయవాడ తీసుకెళ్ళి విడి గదిలో పెట్టారు. మేం ఆసుపత్రికి వెళ్ళేసరికి వరండాలో డాక్టరు అక్కను అడుగుతున్నాడు. "ఈ మధ్య దగ్గర్లో ఎవరికైనా వచ్చిందామ్మా?"

"లేదండి, జబ్బున్నవాళ్ళెవరినీ దగ్గరికి రానివ్వనే రానివ్వను" అంటోంది అక్క.

నేను నోరు తెరవలేదు. నా భార్య ముందుకు జరిగి, "మా పాపకి పోసిందండి. ఆ ఆదివారం తర్వాత రెండో రోజు" అంది.

అక్క ఆమె వైపు తిరిగింది. "ఎందుకు చెప్పలేదే?"

నా భార్య నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, నేను నేల చూస్తున్నాను. ఆఖరికి ఆమే అంది. "అమ్మవారు ఇంట్లో ఉండగా చెప్పకూడదంటారని..."

డాక్టరు కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "అప్పుడిస్తే అడ్డుకట్ట అయ్యేది. ఇప్పుడు వరదొచ్చాక గట్టు కడుతున్నాం" అన్నాడు. ఎనిమిది గంటలకోసారి నరంలోకి వైరస్ మందు ఎక్కించారు. ఆ మందు కిడ్నీలో గడ్డకట్టకుండా సెలైన్లు పెట్టారు. ఒంటి కాపలాను నిద్రపుచ్చే మందుల్లో ఒకటి పూర్తిగా ఆపారు. "వైరస్ మీద పోరాడాలంటే ఆయన ఒంటి బలానికి పగ్గాలు వదలాలి. వదిలితే ఆ బలమే మీ కిడ్నీ మీద పడొచ్చమ్మా" అని అక్కతో చెప్పాడు. అక్క చీర మీదుగా తన కోత ఉన్నచోట చెయ్యి వేసుకుని విన్నది.

మూడో రోజు ఊపిరి కష్టమైంది. యాంటీబాడీల సీసాలు కూడా తెప్పించారు. అది ఒకరి రక్తంలోది కాదని, ఎందరో దాతల రక్తాలు కలిపి వడగట్టిందని నర్సు చెప్పింది. నేను డాక్టరు వెనకాలే వెళ్ళాను.

"నాకు చిన్నప్పుడు వచ్చిందండి. నా రక్తంలోనూ ఉంటాయి గదా. తీసుకోండి."

"అలా కుదరదు మాస్టారూ. అది ఫ్యాక్టరీలో శుద్ధి చేసి తయారుచేయాలి. మీ రక్తం అట్లా ఎక్కించలేం."

రెండోసారి నన్ను కాదన్నారు. ఆ సాయంత్రం అద్దంలో నుంచి సీసా వంక చూస్తూ నిలబడ్డాను. ఒక్కో చుక్క దిగుతోంది. పేరూ ఊరూ తెలియని మనుషులు నా తమ్ముడి ఒంట్లోకి వెళ్తున్నారు. ఎక్కడో ఎప్పుడో నాలాగే పొక్కులతో పడుకుని లేచినవాళ్ళు. వాళ్ళ మీద కూడా నాకు అసూయ కలిగింది. తమ్ముడు చావు అంచున ఉన్నప్పుడు కూడా నా లోపల నడిచిన లెక్క అదీ.

ఆటలమ్మ వచ్చిపోయినవాళ్ళనే లోపలికి పంపేవాళ్ళు. అక్క భోజనానికి వెళ్ళిన గంటలో నన్ను పంపారు. వాడి మొహం గుర్తుపట్టేట్టు లేదు. పెదవుల లోపల కూడా పొక్కులే.

"అన్నయ్యా, అక్క కిడ్నీతోపాటు అక్క అమ్మవారి కాపలా కూడా వచ్చుంటే బాగుండేది" అన్నాడు మెల్లగా. నేను నవ్వలేకపోయాను. వాడే మళ్ళీ అడిగాడు. "పాపకి తగ్గిందా? మొహం మీద మచ్చలు పడలేదు గదా?"

"లేదురా."

"గోకనివ్వకండి. ఆడపిల్ల."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు. వాడికి అలసట అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి వాడు నన్ను అలా, నావాడిగా చూస్తుంటే ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

వారం దాటాక కొత్త పొక్కులు ఆగాయి. క్రియాటినిన్ పెరిగి పెరిగి ఒకచోట నిలబడింది. మూడు వారాలకు ఇంటికొచ్చాడు. ప్రాణం దక్కింది, కిడ్నీ దక్కింది. కాకపోతే మునుపటిలా పనిచేయదని, ఎన్నేళ్ళు వస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. మనది బాగుందా అని వాడు అక్కను అడగడం మానేశాడు.

ఆ తర్వాత అక్క నా భార్యతో నేరుగా మాట్లాడలేదు. "దాన్ని తినమను" అని నాతో చెప్పించేది. ఒక పెళ్ళిలో బంధువులావిడ నా భార్యకు వినపడేట్టే, "మూఢ నమ్మకాలతో మనిషిని చంపబోయారు" అంది. నేను ఆమె పక్కనే తాంబూలం సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చాక ఆమె ఒక్కటే మాట అంది. "మీరు చెబితే చెప్పండి, లేకపోతే లేదు. నా నోటితో మాత్రం చెప్పించకండి."

మొన్నామధ్య ఒక ఆదివారం వదినను కూడా తీసుకురమ్మని తమ్ముడు పట్టుబడితే ఇద్దరం నందిగామ వెళ్ళాం. వాడు మేడ దిగి వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. అక్క వంటింట్లో ఉంది. నా భార్య మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"కూర్చో వదినా. అది ఇంకా మనసులో పెట్టుకోవద్దు. తెలియక చేశావు, ఆచారమనుకున్నావు. నేనెప్పుడో మర్చిపోయా" అన్నాడు.

"సరే నాయనా" అంది ఆమె.

వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. "తెలియకపోతే అడగాలి. ఇంట్లోనే సైన్సు మాస్టారున్నాడు గదా."

"అడిగింది" అన్నాను.

అక్క గరిటె చేత్తోనే బయటికొచ్చింది. "ఏంటీ?"

"అడిగింది అక్కా. ఆ మంగళవారమే ఫోన్ చెయ్యమంది. అమ్మవారి మీద పెట్టి వద్దన్నది నేను."

"గురువారం నేను చేశా గదరా ఫోను."

"చేశావు. పాప పక్క గదిలో పడుకునుంది. బడికెళ్తోందని అబద్ధం చెప్పా."

అక్క గోడకు ఆనుకుని నిలబడింది. తమ్ముడు నా వైపు తిరిగాడు. "ఎందుకన్నయ్యా?"

"కుళ్ళుతో" అన్నాను. "నువ్వు నా ఇంట్లోంచి వచ్చేశావు. మీరిద్దరూ ఒకటైపోయారు. నేనివ్వలేదని ఊరంతా అనుకుంటుంటే నువ్వు ఒక్క మాట అనలేదు."

"నీ షుగరు సంగతి ఎవరికీ చెప్పొద్దని నువ్వే గదా అన్నావు" అన్నాడు వాడు. "ఆ పెద్దాయన అడిగితే ఏం చెప్పాలో తెలీక అక్క చాలన్నా."

అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీన్లో చేతులు కడుక్కుని వచ్చి నేను వాడితో అన్న మాట. ఏడాదిపాటు నేను కడుపులో పెట్టుకున్న మంటకు వాడు చేసిన నేరం, నా మాట నిలబెట్టడం.

నేను లేచి నిలబడ్డాను. "ఒరేయ్, నీ ప్రాణం మీదికి తెచ్చింది నేను. అక్కా, నువ్విచ్చినదాన్ని సగం చేసింది నేను. ఇక నాతో మాట్లాడినా మానేసినా మీ ఇష్టం" అన్నాను. నేను నా భార్య వైపు తిరిగాను. ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"నా తప్పు నువ్వు మోశావు. మోస్తుంటే పక్కన నిలబడి చూశా. వాడి విషయంలో చేసినదానికంటే నాకు ఇదే పెద్ద తప్పుగా ఉంది. నలుగురిలో నిన్ను అనిపించా కాబట్టి నలుగురిలోనే చెబుతున్నా. నువ్వు చెప్పమన్నావు, నేను వద్దన్నాను. నన్ను క్షమించు."